ముసలి గుర్రం, పీయూష గ్రంథి, లెక్కలోకి రాని నెల

ముసలి గుర్రాల్లో పీయూష గ్రంథి జబ్బును గుర్తించడం ఎలా అలవడిందో పశువైద్య పాఠాలు ఒకే వరసలో చెబుతాయి. 1932లో అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ మనుషుల్లో ఒక జబ్బును వర్ణించాడు, పశువైద్యులు దాన్నే గుర్రంలో చూశారు, ఆ తర్వాత పరీక్షలు ఒకదాన్ని మించి ఒకటి మెరుగవుతూ వచ్చాయి. ఈ వరస నాకు నమ్మకంగా లేదు. మనిషి జబ్బును గుర్రానికి కొలతగా పెట్టుకోవడం వల్లే చాలా ఏళ్లు ఆలోచన పక్కదారి పట్టింది. దాన్ని సరిదిద్దినవాటిలో పెద్దది ఏదో కొత్త హార్మోను పరీక్ష కాదు, నెత్తురు ఏ నెలలో తీశారన్న ప్రశ్న.

మన ప్రాంతానికి గుర్రం కొత్తది కాదు. తుళ్లూరు పక్కనున్న అమరావతి శిల్పాల్లో సిద్ధార్థుణ్ణి మోసుకెళ్లే కంథకం ఉంది. మోటుపల్లి రేవుకొచ్చే వర్తకులకు గణపతిదేవుడు 1244లో అభయశాసనం ఇచ్చాడు. వర్తకుడు అవచి తిప్పయ సెట్టి తెప్పించిన సరుకుల్లో హొర్ముజ్ గుర్రాలున్నాయని శ్రీనాథుడు హరవిలాసంలో చెప్పాడు. మనుమంచి భట్టు హయలక్షణ విలాసం లాంటి అశ్వశాస్త్రాలు సుళ్లు, రంగు, ఒంటి తీరు చూసి గుర్రాన్ని అంచనా కట్టమన్నాయి. ఇవన్నీ తెలిసిన సంగతులే. వాటిలో గ్రంథి జబ్బును వెతకడం అనవసరం. కానీ గుర్రం ఒంటిమీది వెంట్రుకను శ్రద్ధగా చూడాలన్న పట్టుదల మాత్రం ఈ జబ్బు విషయంలో మళ్లీ పనికొచ్చింది.

1956లో స్వీడన్ పశువైద్యులు, విపరీతంగా వెంట్రుకలు పెరిగిన ఒక గుర్రంలో పీయూష గ్రంథి కణితి ఉందని రాశారు. 1966లో అమెరికాలో మరో రెండు గుర్రాల్లో ఆ గ్రంథి మధ్య భాగంలో కణితి, దాంతోపాటు నెత్తుట్లో, మూత్రంలో చక్కెర కనిపించాయి. మధ్య భాగం అన్న మాటే కీలకం. మనుషుల్లో కుషింగ్ జబ్బు సాధారణంగా గ్రంథి ముందు భాగంలో పుడుతుంది, కార్టిసాల్ అనే హార్మోను పెరగడమే దాని గుర్తు. గుర్రంలో కథ వేరు. మెదడు నుంచి వచ్చే నరాలు డోపమిన్ వదిలి మధ్య భాగాన్ని అదుపులో ఉంచుతాయి. వయసుతో ఆ నరాలు క్షీణిస్తే అదుపు తప్పి ఆ భాగం ఉబ్బుతుంది. అప్పుడు కూడా కార్టిసాల్ చాలా గుర్రాల్లో మామూలుగానే ఉంటుంది. 1982లో డేవిడ్ ఆర్త్ బృందం ఈ గుర్రాల నెత్తుట్లో మధ్య భాగం నుంచి వచ్చే హార్మోను ముక్కలను కొలిచి, ఇది మనిషి జబ్బుకు నకలు కాదని తేటతెల్లం చేసింది. అయినా కుషింగ్ పేరు పోలేదు, కార్టిసాల్ కోసం వెతుకులాట ఆగలేదు.

ఆ వెతుకులాటలో నిలబడ్డ పరీక్ష డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ది. సాయంత్రం మందు పొడిచి, మర్నాడు దాదాపు 19 గంటల తర్వాత నెత్తురు తీస్తే, ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో కార్టిసాల్ దాదాపు అణిగిపోవాలి. జబ్బు గుర్రంలో అణగదు. 1994లో డిబ్డాల్, సహచరులు దీన్ని పోస్టుమార్టంతో సరిచూసి, నమ్మదగ్గదేనని చెప్పారు. ఆ పనిని నేను తక్కువ చేయను. అసలు గ్రంథిని సూక్ష్మదర్శిని కింద పెట్టినా తొలిదశ జబ్బు విషయంలో పాథాలజిస్టులకే ఏకాభిప్రాయం కుదరదు, అలాంటప్పుడు అంత మాత్రం స్పష్టత రావడమే గొప్ప. కాకపోతే గిట్టల్లో వాపుతో కుంటుతున్న గుర్రానికి స్టెరాయిడ్ ఇవ్వడానికి వైద్యుల చెయ్యి సాగలేదు. అంతకంటే పెద్ద లోపం 2005లో బయటపడింది. అమెరికాలో డొనాల్డ్‌సన్ బృందం ఆరోగ్యంగా ఉన్న గుర్రాలనే వేర్వేరు నెలల్లో పరీక్షిస్తే, సెప్టెంబరులో వాటిలో చాలావాటికి ఏసీటీహెచ్ అనే పీయూష గ్రంథి హార్మోను పెరిగింది, కొన్నిటికి డెక్సామెథాసోన్ ఫలితమూ జబ్బున్నట్టే వచ్చింది. పగటి పొద్దు తగ్గుతుంటే, చలికాలపు బొచ్చుకు ఒళ్లు సిద్ధమవుతుంటే, ఆ గ్రంథి సహజంగానే జోరందుకుంటుంది. అంతకుముందు రుతువు చూడకుండా జబ్బు అని ముద్ర వేసిన గుర్రాలన్నిటినీ ఈ వెలుగులో మళ్లీ ఆలోచించాలి.

2012లో ఇంగ్లండ్‌లో కోపాస్, డరమ్ ఏసీటీహెచ్‌కు నెలలవారీ హద్దులు చెప్పారు. నవంబరు నుంచి జూలై దాకా మిల్లీలీటరుకు 29 పికోగ్రాములు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా 47. మెక్‌ఫార్లేన్ బృందం 2011లోనే ఫ్లోరిడా, మసాచుసెట్స్, ఫిన్లండ్ గుర్రాలను పోల్చి, చోటు మారితే రుతువు ప్రభావమూ మారుతుందని చూపింది. టీఆర్‌హెచ్ అనే హార్మోను పొడిచి పది నిమిషాల తర్వాత ఏసీటీహెచ్ కొలిచే పద్ధతి తొలిదశకు మేలని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. 2013లో క్వీన్స్‌లాండ్ అధ్యయనం 15 ఏళ్లు దాటిన గుర్రాల్లో 21 శాతానికి పైగా ఈ జబ్బు ఉందని తేల్చింది. అందులో జబ్బును ముందే సూచించినవి వయసు, యజమాని గమనించిన బొచ్చు.

ఇక ఇక్కడి మాట. తుళ్లూరు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. పొడవైన పగలు 13 గంటలు దాటి కొద్ది నిమిషాలు, పొట్టిది 11 గంటలు దాటి కొద్ది నిమిషాలు. దక్షిణ ఇంగ్లండ్‌లో ఆ తేడా ఎనిమిదిన్నర గంటలకు పైమాటే. అక్కడి 29, 47లను ఇక్కడ అచ్చుగుద్దినట్టు వాడటం నాకు సమ్మతం కాదు. బొచ్చు రాలకపోవడమే గుర్తు అంటారు, కానీ చలికాలంలో పెద్దగా బొచ్చే పెరగని చోట రాలడాన్ని దేనితో పోల్చాలి? మే ఎండలో నెత్తురు తీస్తే, దాన్ని వెంటనే చల్లబరిచి, కొద్ది గంటల్లో ప్లాస్మా వేరుచేయకపోతే ఏసీటీహెచ్ చెడిపోతుంది, జబ్బున్న గుర్రానికి జబ్బు లేనట్టు ఫలితం వస్తుంది. పైగా ఒళ్లు తగ్గిన ముసలి గుర్రాన్ని చూడగానే మన దగ్గర మొదట అనుమానించాల్సింది నెత్తుటి పరాన్నజీవి జబ్బు సర్రా, పురుగులు, అరిగిన దంతాలు. అది సబబే. సర్రాకు కారణమైన సూక్ష్మజీవిని గ్రిఫిత్ ఎవాన్స్ 1880లో ఈ ఉపఖండంలోనే కనుక్కున్నాడు. చిక్కంతా అవి కాదని తేలాక పరీక్ష అక్కడితో ఆగిపోవడంలో ఉంది. మలక్‌పేట రేసుకోర్సు గుర్రాలు పడుచువి, ఈ జబ్బు వాటిలో వెతకాల్సింది కాదు. పందేలు మానేసి లాయంలో మిగిలినవి, పెళ్లి ఊరేగింపుల్లో ఏళ్ల తరబడి నడిచినవి, అవీ చూడాల్సినవి. ఆరోగ్యంగా ఉన్న అలాంటి ముసలి గుర్రాల నెత్తురు ఏడాది పొడవునా నెలనెలా తీసి, మన అక్షాంశానికి మన హద్దులు కట్టాలి. అవి సిద్ధమయ్యేదాకా సెప్టెంబరులో వచ్చిన ఒక్క అంకెను పట్టుకుని పెర్గొలైడ్ మందు మొదలుపెట్టడం కంటే, గుర్రం వయసు, కంటిపై గుంటల్లో కొవ్వు, నీళ్లు తాగే తీరు, గిట్టల వాపు రాసిపెట్టుకుని, కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్షించడం మేలు.