హైదరాబాద్ డెత్ మెటల్: ‘గాడ్‌లెస్’ బృందం ధ్వని, పరిణామం

ఉపోద్ఘాతం

హైదరాబాద్ ఆధునిక సంగీత చరిత్ర అనగానే తెలుగు పరిశోధన దృష్టి సాధారణంగా సినిమా పాటవైపు మళ్ళుతుంది. సినీ కార్మికులు, గాయకులు, వాద్యకారులు అవకాశాల కోసం చేరే కృష్ణానగర్ ఆ చరిత్రలో ఒక ముఖ్య స్థానం. అదే నగరంలో సినిమాతో నిమిత్తం లేకుండా ఎదిగిన డెత్ మెటల్‌కు మాత్రం అందులో తగిన చోటు దొరకలేదు. 2015లో ఏర్పడిన ‘గాడ్‌లెస్’ బృందం ఆధారంగా ఈ వ్యాసం ఆ లోటును పరిశీలిస్తుంది.

శైలీ నేపథ్యం

డెత్ మెటల్ 1980లలో అమెరికాలో, ప్రధానంగా ఫ్లోరిడాలో రూపుదిద్దుకొంది. గిటార్ శ్రుతిని బాగా దించడం, ‘బ్లాస్ట్ బీట్’ అనే అతివేగ డ్రమ్స్ వాదనం, గొంతు లోతుల నుంచి వెలువడే గర్జన దీని ప్రధాన లక్షణాలు. న్యూయార్క్ బృందం సఫొకేషన్ 1991లో వెలువరించిన ‘ఎఫిజీ ఆఫ్ ది ఫర్‌గాటెన్’లో, వేగం మధ్య నడక హఠాత్తుగా మందగించి బరువైన దెబ్బలు పడే ఘట్టాలున్నాయి. ఆ ఘట్టాలనే ప్రాణంగా చేసుకొన్నది ‘స్లామ్’ శాఖ. టెక్సాస్ బృందం డివౌర్‌మెంట్ 1999లో వెలువరించిన తొలి ఆల్బం దానికి ప్రసిద్ధ ఉదాహరణ. మన దేశంలో బ్రూటల్ ధోరణికి ముంబయి బృందం గట్‌స్లిట్‌ను ఉదాహరించవచ్చు. గాడ్‌లెస్ ఈ శాఖకు చెందదు. వేగాన్ని ఆశ్రయించిన తొలితరం డెత్ మెటల్, త్రాష్ మార్గాలకు అది దగ్గర.

పరిణామ దశలు

‘సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్’ (2016), ‘స్వార్మ్’ (2018) ఈపీలు, అంటే కొద్ది పాటల సంపుటాలు. తొలి పూర్తి ఆల్బం ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ 2021లో వెలువడింది. ఈ క్రమం రూపపరంగా గమనించదగినది. ఈపీ నిడివికి ఎడతెగని ఉద్ధృతి సరిపోతుంది. పూర్తి ఆల్బంలో అదే ఉద్ధృతి ఆద్యంతం సాగితే శ్రోత చెవి దానికి అలవాటుపడి, తీవ్రత తీవ్రతగా వినిపించదు. అందువల్ల వేగాన్ని ఎక్కడ బిగించాలి, ఎక్కడ సడలించాలి అన్నది నిర్మాణ సమస్య అవుతుంది. స్లామ్ మందగమనంతో సాధించే బరువు కూడా ఈ సమస్యకు మరొక సమాధానమే.

పదం – నాదం

సినిమా పాటలో పల్లవి, చరణాల మాట స్పష్టంగా వినబడాలి. ఇక్కడ సాహిత్యం ఆంగ్లంలో ఉంటుంది. అది కూడా గర్జనలో అక్షరరూపం కోల్పోయి, గొంతు ఒక తాళవాద్యంలా పనిచేస్తుంది. సాహిత్యాన్నే కొలమానంగా తీసుకొనే పరిశీలనకు ఈ సంగీతం అందకపోవడానికి ఇదొక కారణం.

ముగింపు

భాష ఆధారంగా రాసిన చరిత్రలో గాడ్‌లెస్ తెలుగు సంగీతం కాదు. స్థలం ఆధారంగా రాస్తే హైదరాబాద్ సంగీతమే. నగర సంగీత చరిత్రకు ఈ రెండు ప్రమాణాలూ అవసరం. మొదటిదే చాలునని భావిస్తే, నగరంలో పుట్టిన సంగీతం నగర చరిత్రకే పరాయిదవుతుంది.