డిగ్రీ తర్వాతి చరిత్ర

పోయిన వేసవిలో మా డిగ్రీ స్నేహితురాళ్లం తొమ్మిదిమంది కోహెడలో మా అమ్మ దగ్గర కలిశాం. 2004లో కోఠి మహిళా కళాశాలలో బి.ఏ.లో చేరినవాళ్లం. 2007 తర్వాత అందరం ఒక్కచోట కూచోవడం ఇదే మొదటిసారి.

ఒకరినొకరం వెతుక్కోవడానికే ఆరు నెలలు పట్టింది. మా అన్న బ్యాచి వాళ్లు వారం రోజుల్లో కలిశారు. వాళ్ల ఇంటిపేర్లూ ఊళ్లూ అలాగే ఉన్నాయి. మావాళ్లవి మారిపోయాయి. ఇద్దరికైతే అత్తగారింట్లో అసలు పేర్లే మార్చారు. చివరికి ఒకరి తల్లి దగ్గర ఇంకొకరి పెళ్లి శుభలేఖ దొరికితే, దాని మీది మేనమామ పేరు పట్టుకుని వెతికాం.

కలవగానే ముందుగా వచ్చిన ప్రశ్నలు రెండే. "మీ ఆయనేం చేస్తడు?" "పిల్లలెంతమంది?" నువ్వేం చేస్తున్నావన్నది మధ్యాహ్నం మామిడికాయ పప్పుతో భోజనాలయ్యాక గాని రాలేదు. "ఏం చేస్తలేనే, ఇంట్లనే" అన్నారు నలుగురు. అందులో ఒకామె భర్త ఎరువుల దుకాణం లెక్కలన్నీ రాస్తుంది. ఇంకొకామె చీరలకు ఫాల్స్ కుట్టి ఇద్దరు పిల్లల ఫీజులు కడుతోంది. అమెరికా నుంచి వచ్చినామె, భర్త మీద ఆధారపడిన వీసాతో వెళ్లి అక్కడ ఏళ్ల తరబడి పనిచేసే హక్కు లేకుండా ఉంది. 2015లో అక్కడి నిబంధనలు మారి, కొందరు భార్యలకు పని అనుమతి ఇవ్వడం మొదలయ్యాకే ఉద్యోగం చూసుకుంది. ఒక్కామెకు ప్రభుత్వ బడిలో టీచరు ఉద్యోగం. ఇంకొకామెది ప్రైవేటు జూనియర్ కాలేజీ. ఎండాకాలం వస్తే ఆమెకు జీతముండదు.

మా కళాశాల చరిత్ర చెప్పాలంటే 1924లో మొదలైందనీ, 1949లో రెసిడెన్సీ భవనంలోకి వచ్చిందనీ, 2022లో మహిళా విశ్వవిద్యాలయమైందనీ చెబుతాం. స్త్రీవిద్య చరిత్ర ఎక్కువగా ఇలాగే నడుస్తుంది. గేటు లోపలికి ఎంతమంది ఆడపిల్లలు వచ్చారన్నదే లెక్క. బయటికి పోయాక ఏమయ్యారన్నది ఎవరి లెక్కలోనూ ఉండదు.

అలా అడిగిన పుస్తకం తెలుగులో ఒకటుంది. స్త్రీశక్తి సంఘటన 1986లో వేసిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను మూడు దశాబ్దాల తర్వాత వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల నోటనే చెప్పించిన చరిత్ర అది. దళాల్లో తిరిగిన రోజుల గురించే కాదు, 1951లో పోరాటం ఆగిపోయాక బతుకులు ఏమయ్యాయో కూడా అందులో ఉంటుంది. నేను పిహెచ్.డి. చేసేటప్పుడు దాన్ని చాలాసార్లు చదివాను. ఆ ప్రశ్న నన్ను నేనూ వేసుకోవాలని అప్పుడు తోచలేదు.

సాయంత్రం డాబా మీద కూచున్నప్పుడు తోచింది. దూరంగా ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీల దీపాలు కనిపిస్తున్నాయి. మేం చదువుకునే రోజుల్లో అటంతా చేలు. కోహెడ పేరు బయటివాళ్లకు తెలిసిందే ఆ రోడ్డు వల్ల, 2020లో ఇక్కడికి మార్చిన పండ్ల మార్కెట్టు షెడ్లు మే నెల గాలివానకు కూలడం వల్ల. "మీ పొలం ఎటుండే?" అని ఒకామె అడిగింది. చెయ్యి చూపించి, "అన్న అమ్మిండు" అన్నాను. "నీకేమిచ్చిండ్రు?"

ఏమీ లేదు. 2012లో నాన్న పోయాక అన్న ఒక కాగితం తెచ్చాడు. ఆస్తిలో నా హక్కు వదులుకుంటున్నానని రాసిన దస్తావేజు అది. అప్పుడు స్త్రీల ఆత్మకథల మీద థీసిస్ రాస్తున్నాను. ఒక్కొక్క వాక్యం వెనక ఏం దాగుందో పేజీలకు పేజీలు విశ్లేషిస్తున్న దాన్ని, ఆ నాలుగు పేజీలు చదవకుండా సంతకం పెట్టాను. చదివితే అన్నను అనుమానించినట్టవుతుందని అనిపించింది. పుట్టిల్లు దూరమవుతుందన్న భయం కూడా ఉంది. ఇది చెప్పాక ఒక్కొక్కరూ నోరు విప్పారు. పుట్టింట్లో భూమి ఉన్నవాళ్లం ఆరుగురం. అందులో అయిదుగురం సంతకాలు పెట్టేశాం. పెళ్లికి పెట్టిన ఖర్చే మా వాటా అన్నారు ఇద్దరికి. "పసుపు కుంకుమల కింద ఇస్తం" అన్న ఎకరం ఒకామెకు ఇప్పటికీ రాలేదు.

హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు మాత్రం వర్తించలేదు. 2005లో కేంద్రమూ చట్టం సవరించింది. ఆ హక్కు పుట్టుకతో వచ్చేదేననీ, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదనీ 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. మేమంతా 1986, 87లలో పుట్టినవాళ్లం. మేం పుట్టేనాటికే మా హక్కు ఉంది. మూడేళ్లు కలిసి చదువుకున్నాం, ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. మా చదువు మాకు సంతకం పెట్టడం నేర్పింది. ఎక్కడ పెట్టకూడదో నేర్పలేదు.

2024లో మా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో కౌలుభూమి కోసం, ఆ పంట కోసం విసునూరు దొరతో తలపడిన మనిషి. బడి మొహం చూడకపోయినా భూమి అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆమె పోయింది 1985 సెప్టెంబరు 10న, ఆ సవరణ వర్తించిన అయిదు రోజులకు. మాకు చట్టమూ ఉంది, డిగ్రీలూ ఉన్నాయి. పుట్టింటి మీద ప్రేమకూ వాటాకూ మధ్య ఒక్కటే ఎంచుకోమంటే ప్రేమనే ఎంచుకున్నాం. అలా ఎంచుకోవలసిన అవసరం మా అన్నదమ్ములకు రాలేదు.

చదువు మనల్ని ఎంత దూరం తెచ్చిందో కొలిచేటప్పుడు ఉద్యోగాలు, జీతాలతోపాటు ఈ సంతకాలనూ లెక్కపెట్టాలని నాకనిపిస్తోంది. మనం కలిసినప్పుడల్లా పిల్లలెందరని అడుగుతాం. ఏ కాగితాల మీద సంతకం పెట్టావని కూడా అడగాలి. ఆ జవాబులు రాసిపెట్టుకుంటే అదే మన డిగ్రీ తర్వాతి చరిత్ర.

ఆ ఆరుగురిలో ఇంకా సంతకం పెట్టనిది ఎరువుల దుకాణం లెక్కలు రాసే స్నేహితురాలు. నెల తర్వాత ఫోను చేసింది. "తమ్ముడు కాగితం తెచ్చిండే. ఈడ పెట్టిపో, చదివినంక చెప్త అన్న" అంది. తమ్ముడు అలిగి, అన్నం తినకుండా వెళ్లిపోయాడట. ఆమె రాత్రంతా ఏడ్చిందట. కాగితం మాత్రం ఇంకా ఆమె దగ్గరే ఉంది.