ఒకే బల్ల దగ్గర అయిదుగురు

న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లోనే వచ్చినా అమలైంది 1995 నవంబరు 9 నుంచి. ఈ ముప్పై ఏళ్లలో మన జిల్లా సంస్థలకు పేరు తెచ్చినవి లోక్ అదాలత్‌లు. అంతకన్నా గొప్ప పని, నా దృష్టిలో, విచారణ ఖైదీల సమీక్షా కమిటీ.

శిక్ష పడితే ఉండాల్సిన కాలం కన్నా ఎక్కువే బీహారు జైళ్లలో విచారణ ఖైదీలుగా మగ్గినవారి గోడు 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసుతో సుప్రీంకోర్టుకెక్కింది. అరెస్టు వివరాలు స్టేషన్లో, కేసు కట్ట కోర్టులో, మనిషి జైల్లో. ఈ మూడింటినీ కలిపి చూసే నాథుడే లేడు. గరిష్ఠ శిక్షలో సగం గడిపితే బెయిలివ్వాలని (మరణశిక్షకు వీలున్న నేరాలు తప్ప) 2005లో చట్టం సవరించారు. సరే, ఆ రోజులు లెక్కపెట్టేదెవరు?

జిల్లా జడ్జి అధ్యక్షతన కలెక్టరు, ఎస్పీ కూర్చుని సమీక్షించాలని 2013లో కేంద్ర హోంశాఖ సూచించింది. 2015లో మన సంస్థ కార్యదర్శిని, మరుసటి ఏడు జైలు సూపరింటెండెంటును సుప్రీంకోర్టు చేర్చింది. మూడు నెలలకోసారి భేటీ.

అక్కడ బల్ల మీద ఉండేది జైలు నుంచి వచ్చిన జాబితా. పేరు, సెక్షన్లు, రిమాండు తేదీ, గడిపిన రోజులు. మనసు కలచివేసేది బెయిలొచ్చినా బయటికి రాలేనివారి సంగతి. పొట్ట చేతబట్టుకుని వచ్చిన వలస కూలీకి ఊరుగాని ఊళ్లో జామీను నిలబడేదెవరు? అలాంటప్పుడు ష్యూరిటీ షరతు సడలించమని కార్యదర్శి కోర్టుకు దరఖాస్తు పెట్టించగలరు. పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం తెచ్చిన పథకం కింద 40,000 రూపాయల దాకా జిల్లా స్థాయిలోనే మంజూరు చేసే వీలు కల్పించారు. కమిటీ సిఫారసు మాత్రమే చేస్తుంది, విడుదల ఉత్తర్వు ఇవ్వాల్సింది కోర్టే. అయినా అయిదుగురూ ఎదురెదురుగా కూర్చున్నాక "ఆ కాగితం మా దగ్గర లేదు" అని తప్పించుకోవడం కష్టం.

2022 చివరికి దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. గతంలో శిక్షపడని వారికి మూడో వంతు కాలం చాలని 2024 జులై నుంచి కొత్త చట్టం చెబుతోంది. గడువు తగ్గినప్పుడు మూడు నెలలకోసారి చూస్తే ఎలా? ఈ సమీక్ష నెలనెలా జరగాలి.

కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. మీకు తెలిసినవాళ్లెవరైనా జైల్లో ఉంటే జిల్లా కోర్టు ఆవరణలోని మన కార్యాలయానికి రండి, లేదా 15100కు ఫోన్ చేయండి.