తెల్లారితే అసెంబ్లీ

2009 డిసెంబర్ 9, రాత్రి. ఉస్మానియా హాస్టళ్లలో ఎవరికీ నిద్ర లేదు. కారిడార్ల నిండా గుంపులు. గోడకు ఆనించిన జెండా కర్రలు. పది రోజులుగా బాష్పవాయువుకు కళ్లు మండుతున్నాయి, లాఠీ దెబ్బలకు వాచిన వీపులు నేలకు ఆనడం లేదు, ఇళ్ల నుంచి అమ్మానాన్నల ఫోన్లు ఆగడం లేదు, అయినా విద్యార్థి జేఏసీ మాట మారలేదు. డిసెంబర్ 10, చలో అసెంబ్లీ. క్యాంపస్ బయట బారికేడ్లు లేచాయి. పొద్దున వాటిని దాటి పోయేదెందరు? తిరిగొచ్చేదెందరు?

అటు నిమ్స్ ఆస్పత్రిలో, తెలంగాణ రాష్ట్రం కోసం కేసీఆర్ చేస్తున్న దీక్షకు అది పదకొండో రోజు. నవంబర్ 29న కరీంనగర్ దగ్గర అలుగునూరులో పోలీసులు ఆయన్ని అరెస్టు చేసి ఖమ్మం తరలించారు. మర్నాడు టీవీల్లో ఓ వార్త: దీక్ష విరమణ. ఉస్మానియా భగ్గుమంది. ఆ కోపం చల్లారలేదు, దీక్షా ఆగలేదు. డిసెంబర్ 3న మరో పిడుగు. ఎల్బీనగర్‌లో మంటల్లో కాలిన ఉద్యమకారుడు శ్రీకాంతాచారి ఆస్పత్రిలో కన్నుమూశాడు. తర్వాత ఎవరి ఇంట్లో ఏడుపు వినపడుతుందో!

ఇటు హైదరాబాద్‌కు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరాన, జహీరాబాద్ దగ్గర చిరాగ్‌పల్లి. బొంబాయి రోడ్డు మీద చలిగాలి కోస్తోంది. కాస్త ముందుకు పోతే కర్ణాటక. ఈ నేలకు గీతలు మారడం కొత్త కాదు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం షోలాపూర్ నుంచి హైదరాబాద్ వైపు కదిలింది ఈ దారినే. అప్పుడు జహీరాబాద్ బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది, జహీరాబాద్ మెదక్‌లో కలిసింది, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. 1969లో విద్యార్థులు మా రాష్ట్రం మాకివ్వమన్నారు. తూటాలు ఎదురొచ్చాయి. నలభై ఏళ్లకు ఇంకో తరం అదే అడుగుతోంది. ఈసారి ఏమొస్తుంది?

రాత్రి దాదాపు పదకొండున్నర. టీవీ తెరల మీద హోంమంత్రి చిదంబరం. చేతిలో ప్రకటన. తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామన్నారు. ఆందోళన విరమించండని అందరినీ, ముఖ్యంగా విద్యార్థులను కోరారు. కేసులు ఎత్తేయమని ముఖ్యమంత్రి రోశయ్యను కోరుతున్నామన్నారు. ఒక్క క్షణం ఎవరికీ నోట మాట రాలేదు. మరుక్షణం హాస్టళ్లు దద్దరిల్లాయి. కౌగిలింతలు, కేకలు, కన్నీళ్లు. గెలిచామనుకున్నారు.

సరిగ్గా రెండు వారాలు. డిసెంబర్ 23న కేంద్రం ఇంకో ప్రకటన చదివింది. విస్తృత సంప్రదింపులు జరపాలట. ఇచ్చిన మాట చేజారింది. పిల్లలు మళ్లీ రోడ్డెక్కారు. 2010 ఫిబ్రవరి 20న మరో చలో అసెంబ్లీ. ఉస్మానియా ఎన్‌సీసీ గేటు దగ్గర మళ్లీ మంటలు. సిరిపురం యాదయ్య అనే యువకుడు దక్కలేదు. ప్రాణాలు తీసుకోకండి, బతికి కొట్లాడదాం అని పెద్దలు చేతులెత్తి మొక్కారు. ఢిల్లీ మాత్రం కదల్లేదు.

కదలడానికి నాలుగేళ్లు పట్టింది. రాజ్యసభ తెలంగాణ బిల్లును ఆమోదించిన రోజు 2014 ఫిబ్రవరి 20. యాదయ్య కాలిపోయిన తేదీ అదే. జూన్ 2న కొత్త రాష్ట్రం పుట్టింది, చిరాగ్‌పల్లి దాని సరిహద్దయింది. ఈసారి కొత్త గీత గీయించింది చదువులు పక్కనపెట్టి రోడ్డెక్కిన పిల్లలు.