తెర చుట్టూ నల్ల గుడ్డ: మాస్కింగ్ కథ

సినిమా చరిత్ర అనగానే మనం తెర మీద కనిపించేదాని గురించే మాట్లాడుకుంటాం. ఈ ఎపిసోడ్‌లో తెర చుట్టూ ఉండే నల్ల గుడ్డ గురించి చెప్తాను. దాన్ని మాస్కింగ్ అంటారు. ఇంట్లో హోమ్ థియేటర్ కట్టుకునేవాళ్లలో కొందరు ఈ గుడ్డకి మోటార్లు బిగించి, దానంతట అదే జరిగేలా చేయడానికి నెలల తరబడి తంటాలు పడుతుంటారు. బయటివాళ్లకి ఇదేం పిచ్చి అనిపిస్తుంది. నాకు మాత్రం వాళ్లు హాళ్లలోంచి పోయిన ఆపరేటర్ ఉద్యోగాన్ని ఇంట్లో మళ్లీ నింపుకుంటున్నారు అనిపిస్తుంది.

అసలు నల్ల గుడ్డ ఎందుకు? ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు. వెలుగుని ఆపడం ఒక్కటే దాని చేతిలో ఉంది, అదీ పూర్తిగా ఆపలేదు. అందుకే బొమ్మ లేని చోట తెర బూడిదరంగులో మెరుస్తూ ఉంటుంది. పక్కనే కారునలుపు వెల్వెట్ ఉంటే అదే బొమ్మ ఇంకా కాంతిగా కనిపిస్తుంది. ఫిల్ము రోజుల్లో ఇంకో అవసరం కూడా ఉండేది. బొమ్మ అంచు కొంచెం అలుక్కుపోయినట్టు, కొంచెం వంకరగా పడేది. ఆ వంకరంతా నల్ల గుడ్డ మీద పడి మాయమయ్యేది. మనకి కనిపించేది మాత్రం గీత గీసినట్టున్న అంచు.

మూకీల కాలంలో బొమ్మ ఆకారం 1.33:1. టాకీలొచ్చాక 1932లో హాలీవుడ్ 1.37 దగ్గర స్థిరపడింది. బొమ్మ ఆకారం మారనప్పుడు గుడ్డ జరగాల్సిన పనేముంది? అయినా ఒకసారి జరిగింది. 1926 డిసెంబర్‌లో న్యూయార్క్ రివోలీ థియేటర్లో పారమౌంట్ వారి ‘ఓల్డ్ ఐరన్‌సైడ్స్’ ఆడుతోంది. ఓడ ప్రేక్షకుల మీదికి వచ్చే ఘట్టంలో బొమ్మని పెద్దది చేసే లెన్స్‌తో వేశారు. చుట్టూ ఉన్న నల్ల అంచులు వెనక్కి జరిగాయి, తెర ఒక్కసారిగా విచ్చుకుంది. దాని పేరు మ్యాగ్నాస్కోప్. సినిమా మధ్యలో, కథ అడిగిన క్షణంలో గుడ్డ జరిగిందన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఆ తర్వాత పాతికేళ్లకి టీవీ దెబ్బకి హాలీవుడ్ తెరని సాగదీసింది. 1952 సెప్టెంబర్ 30న ‘దిస్ ఈజ్ సినెరమా’ మొదలైంది. ముందు కొన్ని నిమిషాలు చిన్న చదరపు బొమ్మలో నలుపు తెలుపు ఉపోద్ఘాతం, ఆ తర్వాత తెర విచ్చుకుని వంపు తిరిగిన మహా తెర మీద రోలర్ కోస్టర్. 1953లో ఫాక్స్ కంపెనీ ‘ది రోబ్’తో సినిమాస్కోప్ తెచ్చింది, 2.55:1. హాలీవుడ్‌లోనే మిగతా కంపెనీలు 1.66 అనీ 1.85 అనీ తమ కొలతలు తాము పట్టుకున్నాయి. దాంతో హాలు యజమానికి కొత్త తలనొప్పి మొదలైంది. ఒకే తెర మీద ఈ వారం ఒక ఆకారం, వచ్చే వారం ఇంకో ఆకారం. నల్ల గుడ్డ కింద చక్రాలు, తాళ్లు, మోటారు కుదురుకున్నది ఈ గొడవలోనే.

మన దగ్గర 1959లో ‘కాగజ్ కే ఫూల్’ మొదటి భారతీయ సినిమాస్కోప్ చిత్రం. తెలుగులో 1974 ‘అల్లూరి సీతారామరాజు’ మొదటిది. ఆ తర్వాత 1986లో ‘సింహాసనం’ తెలుగులో మొదటి 70ఎంఎం. మూడింటిలో రెండు కృష్ణగారివే! స్కోప్ సినిమా అంటే ఆపరేటర్ లెన్స్ మార్చాలి, గేటులో ప్లేటు మార్చాలి, తెర పక్కల గుడ్డ జరపాలి. న్యూస్‌రీలో ట్రైలరో చిన్న బొమ్మలో ఆడి, ఆగి, ఇటూ అటూ నలుపు మెల్లగా పక్కకి జరుగుతుంటే హాల్లో ఈలలు పడేవి. ఇంకా టైటిల్సే పడలేదు. ఈల గుడ్డకే!

ఇప్పుడా గుడ్డ చాలా చోట్ల కదలడం లేదు. 2005లో హాలీవుడ్ స్టూడియోలు డిజిటల్ సినిమాకి కొలతలు రాశాయి. 2కె బొమ్మలో స్కోప్ 2048 బై 858, ఫ్లాట్ 1998 బై 1080. వెడల్పు దాదాపు ఒకటే, ఎత్తే తేడా. వెడల్పుకి తగ్గట్టు తెర కట్టేస్తే స్కోప్ సినిమాకి పైనా కిందా బూడిదరంగు పట్టీలు మిగులుతాయి. మోటారు, మెయింటెనెన్స్, మనిషి, అన్నీ ఖర్చే కదా, వదిలేద్దాం అనుకున్న మల్టీప్లెక్సులు బోలెడు. నన్నడిగితే ఇది పొదుపు కాదు, టికెట్ కొన్నవాడికి ఇవ్వాల్సిన దాంట్లో కోత.

ఇంట్లో లెక్క చూద్దాం. టీవీల 16:9 ఆకారం కూడా ఒక రాజీయే. 1.33కీ 2.35కీ మధ్య గుణకార సగటు తీస్తే 1.77 వస్తుంది. 120 అంగుళాల వెడల్పున్న 16:9 తెర ఎత్తు 67.5. అందులో స్కోప్ బొమ్మ ఎత్తు 50 అంగుళాలే. పైనా కిందా ఎనిమిది ముప్పావు అంగుళాల చొప్పున కప్పాలి. ఇలా అయితే పెద్ద సినిమా చిన్నదైపోయింది కదా అనేవాళ్లు స్కోప్ తెరే కట్టుకుంటారు. ఎత్తు ఎప్పుడూ 50 అంగుళాలు, మామూలు సినిమాకి పక్కల సుమారు 15 అంగుళాల చొప్పున మూస్తారు. ‘మాయాబజార్’ లాంటి పాత బొమ్మకైతే ఒక్కో పక్క పాతిక పైనే. ఆ సినిమాని 2010లో రంగులద్ది స్కోప్‌కి మార్చి విడుదల చేశారు. స్కోప్‌కి మార్చడమంటే పైనా కిందా బొమ్మని కొయ్యడమే. గుడ్డ జరపడం నేర్చుకుంటే బొమ్మని కొయ్యక్కర్లేదు.

పక్కలు మూయడం తేలిక. డ్రామా తెర కిటుకే ఇది. చుట్టు తిరిగే ఒకే తాడు, పై వరస ఎడమకి పోతే కింది వరస కుడికి పోతుంది. ఒక్కో వరసకి ఒక్కో గుడ్డ కడితే ఒకే మోటారుతో రెండూ సమంగా కదులుతాయి. పైనా కిందా మూయడమే కష్టం. పై గుడ్డని కిటికీ బ్లైండ్లకి వాడే గొట్టపు మోటారు దించుతుంది, అడుగున బరువైన కడ్డీ కుట్టకపోతే అంచు వంగుతుంది. కింది గుడ్డ పైకి లేవాలి, దానికి బరువు ఆసరా కాదు, శత్రువు. తెర వెనక స్పీకర్లుంటే మందపాటి వెల్వెట్ కీచుధ్వనుల్ని మింగేస్తుంది, కాబట్టి శబ్దం దూరే గుడ్డ వెతకాలి. గుడ్డ తెరకి దూరంగా ఉంటే అంచు నీడ మసకగా పడుతుంది. ఇక చిన్న కంట్రోలర్ బోర్డు పెట్టి స్టెప్పర్ మోటారు తిప్పితే, మధ్యలో కరెంటు పోయిందనుకోండి, తిరిగి వచ్చాక గుడ్డ ఎక్కడుందో దానికి తెలియదు. అందుకే చివరన ఒక లిమిట్ స్విచ్ పెట్టి, ముందు అక్కడిదాకా వెళ్లి తాకి, అక్కణ్ణించి కొలవమని చెప్తారు.

ఇవన్నీ చేతిపనులు, సాధించొచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. ఈ సినిమా ఆకారం ఏమిటో మోటారుకి ఎవరు చెప్పాలి? ప్రొజెక్టర్ ఆన్ అయిందని 12 వోల్టుల ట్రిగ్గర్ తీగ చెప్తుంది, అంతే. డిస్కు నించి వచ్చే సిగ్నల్ ఎప్పుడూ 16:9యే, స్కోప్ సినిమాలో నల్ల పట్టీలు కూడా బొమ్మలో భాగంగానే వస్తాయి. అందుకని కొందరు రిమోట్‌లో ఆకారానికో బటన్ పెట్టుకుంటారు. ఇంకొందరు లూమాజెన్, మ్యాడ్‌వీఆర్ లాంటి ఖరీదైన ప్రాసెసర్లతో నలుపు ఎక్కడ ఆగి బొమ్మ ఎక్కడ మొదలైందో ఫ్రేము ఫ్రేముకీ వెతికిస్తారు. చీకటి సీను వస్తే ఆ యంత్రం కూడా తడబడొచ్చు, కాసేపు ఆగి చూసి గానీ నిర్ణయించుకోదు.

ఇప్పుడు 1926కి వద్దాం. 2008 ‘ది డార్క్ నైట్’ బ్లూ-రేలో మామూలు సీన్లు స్కోప్‌లో ఉంటాయి, ఐమాక్స్ కెమెరాతో తీసినవి తెర నిండా వస్తాయి. ఇలా సినిమా మధ్యలో చాలాసార్లు మారుతుంది. మోటారు గుడ్డకి అది గండం. మార్పు వచ్చాక కనిపెడుతుంది, కదలడానికి కొన్ని సెకన్లు, ఈలోపు సీను మారిపోతుంది. అందుకే చాలామంది ఆ ఒక్క సినిమాకి ఆటోమేషన్ ఆపేసి, గుడ్డ పూర్తిగా తెరిచి కూర్చుంటారు. రివోలీలో బొమ్మ పెద్దది చేసిన మనిషికి ఓడ ఎప్పుడొస్తుందో ముందే తెలుసు.