చిల్లర మూటతో బ్యాంకుకు వెళ్తున్నారా? ముందు ఈ నిబంధనలు తెలుసుకోండి

చింతలపూడిలో టీ కొట్టు, కిరాణా దుకాణం, కూరగాయల బండి.. ఏది నడిపినా సాయంత్రానికి గల్లాపెట్టెలో చిల్లర మిగులుతుంది. పిల్లల కిడ్డీ బ్యాంకులు, దేవుడి గదిలో ముడుపు డబ్బాలు సరేసరి. రోజుకు రూ.50 చిల్లర పక్కన పడేసినా ఏడాదికి రూ.18 వేలు దాటుతుంది. తీరా మూట కట్టుకుని బ్యాంకుకు వెళ్తే ‘ఇంత చిల్లర తీసుకోం’, ‘వెయ్యికి మించి కుదరదు’ అంటే? చాలామంది మారు మాట్లాడకుండా వెనక్కి వచ్చేస్తారు. కొందరు కమీషన్ ఇచ్చి నోట్లుగా మార్చుకుంటారు. అలా సొంత డబ్బులో కొంత వదులుకోవాల్సిన అవసరం లేదు. నిబంధనలు ఏం చెబుతున్నాయో చూడండి.

వెయ్యి రూపాయల పరిమితి ఎవరికి?

2011 నాణేల చట్టంలోని సెక్షన్ 6 ప్రకారం రూపాయి, అంతకంటే ఎక్కువ విలువైన నాణేలు మొత్తం రూ.1,000 వరకు చెల్లుబాటు అవుతాయి. 50 పైసల నాణేలైతే రూ.10 వరకే. అంటే మీరు ఎవరికైనా రూ.5 వేలు బాకీ ఉంటే, మొత్తం నాణేల్లోనే తీసుకోవాలని వారిని బలవంతపెట్టలేరు. వారు ఇష్టపడి తీసుకుంటే మాత్రం అభ్యంతరం లేదు.

ఇది చెల్లింపులకు సంబంధించిన పరిమితి. ఖాతాదారులు బ్యాంకులో జమ చేసే నాణేలకు ఎలాంటి పరిమితీ లేదని రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది. కౌంటర్ దగ్గర ‘వెయ్యి వరకే’ అంటే ఈ తేడానే మర్యాదగా గుర్తుచేయండి.

బ్యాంకులకు ఉన్న ఆదేశాలేంటి?

అన్ని విలువల నాణేలనూ ఖాతాలో జమకైనా, నోట్లుగా మార్చడానికైనా కౌంటర్‌లో తీసుకోవాలని 2018 ఫిబ్రవరి 15న రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. రూపాయి, రెండు రూపాయల బిళ్లలను తూకం వేసి తీసుకోవడం మేలని, 100 చొప్పున పాలిథిన్ కవర్లలో తెస్తే క్యాషియర్‌కూ ఖాతాదారుకూ సులువని సూచించింది.

మరి శాఖలు ఎందుకు వెనకాడతాయి? లెక్కించడానికి మనుషులు, సమయం కావాలి. దాచడానికి చోటు కావాలి. వచ్చిన నాణేలను అడిగి తీసుకెళ్లేవారు తక్కువ. ఈ ఇబ్బందికీ దారి ఉంది. నిల్వ పెరిగితే శాఖలు వాటిని కరెన్సీ చెస్ట్‌కు పంపుకోవచ్చు. కాబట్టి చోటు లేదన్న కారణంతో మిమ్మల్ని తిప్పి పంపకూడదు.

తీసుకెళ్లే ముందు ఇలా సిద్ధం చేసుకోండి

1. విలువల వారీగా వేరు చేయండి. ద్వారకా తిరుమలలో హుండీ లెక్కింపు చూసినవారికి ఈ పని కొత్త కాదు. రూపాయి, రెండు, ఐదు, పది, ఇరవై.. దేనికది విడిగా పెట్టండి.

2. ఒకే విలువలోనూ సైజుల వారీగా విడదీయండి. 2011 నమూనా రూపాయి బిళ్ల 3.79 గ్రాములు, 2019 నమూనాది 3.09 గ్రాములు. అంతకుముందు నాటి పెద్ద రూపాయి బిళ్ల, 2011 నమూనా రెండు రూపాయల బిళ్ల రెండూ 4.85 గ్రాములే. అన్నీ కలిపి కాటా మీద పెడితే లెక్క తప్పుతుంది.

3. వందేసి చొప్పున కవర్లో వేసి, పైన విలువ, సంఖ్య రాయండి. ఇంట్లో చిన్న కాటా ఉంటే సరిచూసుకోవచ్చు. 2011 నమూనా నాణేలు వంద ఉంటే బరువు సుమారుగా ఇలా ఉంటుంది:
- రూపాయి: 379 గ్రాములు
- రెండు రూపాయలు: 485 గ్రాములు
- ఐదు రూపాయలు: 600 గ్రాములు
- పది రూపాయలు: 771 గ్రాములు

4. మోయగలిగినంతే తీసుకెళ్లండి. రూ.5 వేలు రూపాయి బిళ్లల్లో అయితే దాదాపు 19 కిలోలు. అదే పది రూపాయల బిళ్లల్లో నాలుగు కిలోలు కూడా ఉండదు.

5. ఒకరోజు ముందే శాఖకు వెళ్లి ఎంత తెస్తున్నారో చెప్పి, ఏ సమయంలో రమ్మంటారో అడగండి. మీ ఖాతా ఉన్న శాఖ అయితే పని తేలిక. ఇందుకోసం ఏలూరు దాకా వెళ్లక్కర్లేదు.

6. రుసుము గురించి అడగండి. నగదు పరిమాణాన్ని బట్టి కొన్ని బ్యాంకులు సేవా రుసుము తీసుకుంటాయి. మీ ఖాతాకు వర్తిస్తుందో లేదో ముందే తెలుసుకోండి.

లెక్క పూర్తయ్యాక జమ రశీదు తీసుకోకుండా కౌంటర్ వదలొద్దు.

ఏవి చెల్లుతాయి? ఏవి చెల్లవు?

పది రూపాయల బిళ్ల: మన దగ్గర ఎక్కువ గొడవ దీనితోనే. రూపాయి గుర్తు లేనిది నకిలీ అని, గీతలు పది ఉంటేనే అసలుదని ప్రచారం ఉంది. ఇందులో నిజం లేదు. వేర్వేరు సమయాల్లో 14 నమూనాల్లో విడుదలయ్యాయని, అన్నీ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. రూపాయి గుర్తు 2010లో వచ్చింది కాబట్టి అంతకుముందు తయారైన వాటిపై ఉండదు.

50 పైసలు: ఇప్పటికీ చెల్లుతుంది. దుకాణాల్లో తీసుకోకపోయినా బ్యాంకులో ఇవ్వొచ్చు.

25 పైసలు, అంతకంటే తక్కువ: 2011 జూన్ 30 నుంచి చెల్లవు. డబ్బాలో ఉంటే ముందే ఏరేయండి.

పాడైనవి: కోసిన, చెక్కిన, అరగదీసి బరువు తగ్గిన నాణేలకు చట్టపరమైన చెల్లుబాటు ఉండదు. మట్టి, నూనె అంటినవాటిని కడిగి ఆరబెట్టి తీసుకెళ్తే చాలు.

అయినా తీసుకోకపోతే?

ముందుగా శాఖ మేనేజర్‌తో మాట్లాడండి. చాలాసార్లు అక్కడే పని అవుతుంది. ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో తెమ్మంటే, తేదీలు రాయించుకుని ఒప్పుకోవడంలో నష్టం లేదు. అప్పటికీ కాదంటే తేదీ, సమయం, ఎంత మొత్తం తెచ్చారో వివరిస్తూ ఫిర్యాదు రాసి ఇచ్చి, నకలుపై సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ కాగితమే తర్వాత మీకు ఆధారం.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబుతో సంతృప్తి లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. రిజర్వ్ బ్యాంకు సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. దీనికి రుసుము లేదు. సందేహాలుంటే టోల్‌ఫ్రీ నంబరు 14448కు ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు.

బ్యాంకుకు వెళ్లే ముందు మరో ప్రయత్నమూ చేయొచ్చు. మీ వీధిలోని మందుల షాపు, హోటల్, పెట్రోల్ బంకుల్లో చిల్లర కావాలేమో అడిగి చూడండి. చిల్లర లేక చాక్లెట్ చేతిలో పెట్టే దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లు మీ దగ్గర పూర్తి విలువకు తీసుకుంటే ఇద్దరికీ పని జరుగుతుంది, కమీషన్ మాటే ఉండదు.