కోరాపుట్–రాయగడ కొండల ఎత్తు లెక్కలు: ఒక చరిత్ర

ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి శిఖరం (1,672 మీటర్లు) కోరాపుట్ జిల్లాలో ఉంది. 1992లో ఆ జిల్లా నుంచి విడిపోయిన రాయగడకు కేంద్రమైన పట్టణం నాగావళి పక్కన, సముద్ర మట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తులోనే ఉంది. ఇంత ఎగుడుదిగుడు నేలను గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక్కో ఎత్తును అంకెగా నమోదు చేసిన పట్టికనే డిజిటల్ ఎలివేషన్ మోడల్, పొట్టిగా డెమ్, అంటారు. దీని చరిత్రను కొలత నానాటికీ సూక్ష్మమవుతూ వచ్చిన కథగా చెప్పడం అలవాటు. అది సగం నిజమే. ప్రతి ఎత్తు లెక్కా ఫలానా ఏడాదిలో ఫలానా ఉపరితలాన్ని కొలిచిన దస్తావేజు. కొత్తది వచ్చినంత మాత్రాన పాతది చెల్లకుండా పోదు.

1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ ఆధార రేఖ కొలవడంతో మొదలైన త్రిభుజీకరణ సర్వే దేశపు పటాలకు పునాది వేసింది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో భాగం. తర్వాతి కాలపు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో కోరాపుట్ పట్టణం 65జె కిందికి, రాయగడ 65ఎం కిందికి వస్తాయి. 1:50,000 షీటు మీద సాధారణంగా 20 మీటర్లకో కాంటూరు గీత ఉంటుంది. రెండు గీతల మధ్య నేల ఎలా ఉందన్నది చదివేవాడి ఊహ. అయినా పాత సర్వే కాగితాలు చెప్పే సంగతి ఒకటి ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి మాచ్‌ఖండ్ ప్రాజెక్టు 1955లో విద్యుదుత్పత్తి మొదలుపెట్టింది. దాని కోసం కట్టిన జోలాపుట్ జలాశయం, తర్వాత వచ్చిన ఎగువ కొలాబ్ జలాశయం డెమ్‌లో చదునైన పలకల్లా కనిపిస్తాయి. అక్కడ నమోదైంది నీటి మట్టం. మునిగిన లోయ అసలు ఆకారం కావాలంటే ఆనకట్టకు ముందు చేసిన సర్వేలనే ఆశ్రయించాలి.

అంతరిక్షం నుంచి వచ్చిన మొదటి పెద్ద లెక్క 2000 ఫిబ్రవరి నాటిది. ఎండీవర్ షటిల్ 60 మీటర్ల దూలం చివర రెండో యాంటెన్నా బిగించుకుని, 11 రోజుల యాత్రలో భూభాగంలో 80 శాతాన్ని రాడార్‌తో కొలిచింది. ఎస్‌ఆర్‌టీఎంగా పేరుపడిన ఈ సమాచారం మన ప్రాంతాలకు మొదట 90 మీటర్ల గడిగా, 2014 తర్వాత 30 మీటర్ల గడిగా ఉచితంగా అందింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 వేరే దారి పట్టింది. ముందుకు 26 డిగ్రీలు, వెనక్కి 5 డిగ్రీలు వాలిన రెండు కెమెరాలతో ఒకే నేలను రెండు కోణాల్లో ఫొటో తీసింది. ఆ జంట చిత్రాల నుంచి పుట్టిన కార్టోడెమ్‌ను హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) భువన్ వెబ్‌సైట్ ద్వారా ఇస్తోంది.

ఈ రెండూ కొలిచింది అచ్చమైన నేలను కాదు. సాల అడవి ఉన్నచోట షటిల్ రాడార్ తరంగం ఆకుల గుబురులోనే ఎక్కడో ఆగి వెనుదిరుగుతుంది. పక్కనే పోడు కొట్టిన వాలు మీద మట్టిని తాకుతుంది. దాంతో అడవి అంచున లేని మెట్టు ఒకటి పటంలో లేస్తుంది. ఆ పోడు మళ్లీ అడవిగా పెరిగాక కొలిస్తే కొండే పెరిగినట్టు కనిపిస్తుంది. వాగుల అడుగున మెట్లుమెట్లుగా దిగే సన్నటి ఝోలా వరిమళ్లయితే 30 మీటర్ల గడిలో రెండు మూడు కలిసిపోయి ఒకే అంకె అవుతాయి. ఇక కార్టోడెమ్ ఎత్తులు సముద్ర మట్టం నుంచి లెక్కించినవి కావు, గణిత దీర్ఘగోళం నుంచి లెక్కించినవి. ఈ ప్రాంతంలో ఆ రెంటికీ 60 మీటర్లకు పైగా తేడా ఉంది. దాన్ని సరిచేయకుండా చూసినవారికి దేవమాలి అమాంతం కుంగినట్టుంటుంది!

ఆకుల సందుల్లోంచి లేజర్ కాంతితో నేలను తాకే లైడార్ వచ్చాక ఈ పాత లెక్కలతో పనేమిటని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే, వరద కట్టకో రోడ్డు మలుపుకో కొత్త సూక్ష్మ కొలతే కావాలి. నాగావళి, వంశధార ఇటునుంచే శ్రీకాకుళం వైపు దిగుతాయి కనుక ఆ అవసరం ఆంధ్రకూ ఉంది. కానీ మామూలు లైడార్ కాంతి జలాశయపు మురికినీటి అడుగుకు చేరదు. 1980లలో ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో తవ్వకం మొదలుకాక ముందు పంచపట్మాలి బాక్సైట్ కొండ పైభాగం ఎలా ఉండేదో కూడా చెప్పదు. మార్పును లెక్కకట్టాలంటే రెండు తేదీల ఉపరితలాలు చేతిలో ఉండాలి. పాత లెక్కల్లోని దోషం మార్పునే మింగేస్తుందన్న ఆక్షేపణ ఇంకా గట్టిది: ఎస్‌ఆర్‌టీఎంకు పెట్టుకున్న దోష పరిమితి 16 మీటర్లు, తవ్వే బాక్సైట్ పొర మందం కూడా ఇంచుమించు ఆ స్థాయిదే. అందుకే పాత అంకెను నేరుగా తీసివేయకుండా, మారని రాతి శిఖరాల దగ్గర రెండు లెక్కలనూ ముందు సరిపోల్చుకోవాలి. దోషం తెలిసిన పాత కొలత పనికొస్తుంది. పారేసిన కొలతలో దోషమెంతో కూడా తెలియదు.

ఇక కొత్త కొలతల విషయానికొస్తే, 2021 ఫిబ్రవరి 15 నాటి కేంద్ర మార్గదర్శకాలు పటాల సమాచారంపై ఉన్న అనుమతుల చిక్కును చాలావరకు తొలగించాయి. అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కన్నా సూక్ష్మమైనదాన్ని మాత్రం భారతీయ సంస్థలకే పరిమితం చేశాయి. 2022 జాతీయ భూస్థానిక విధానం 2030 నాటికి దేశమంతటికీ కొత్త డెమ్ కావాలంటూ మైదానాలకు 25 సెంటీమీటర్లు, కోరాపుట్, రాయగడల వంటి కొండ ప్రాంతాలకు 1 నుంచి 3 మీటర్ల లక్ష్యం పెట్టుకుంది.